బస్తా మీది నెమలి ఎవరిది?

(మిర్యాలగూడలో రైస్ మిల్లుల యజమానుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద రెండు ఖాళీ బియ్యం సంచులు పరిచాను. పేర్ల మీద కాగితం అంటించాను, ఎందుకంటే వీటి పేర్లు, గుర్తుల పోలిక మీద కేసు ఇంకా నడుస్తోంది. ఒక సంచి మీద నెమలి కుడివైపు చూస్తోంది, రెండో దాని మీద ఎడమవైపు. అంచు రెండింటికీ ఆకుపచ్చే. ఒక పేరు చివర ‘గోల్డ్’ ఉంది, ఇంకో పేరు చివర ‘గోల్డ్ ప్లస్’. రెండో సంచి యజమాని నాతో అన్నమాట ఇది: "వకీలు గారూ, నెమలి మొహమే అటు తిరిగి ఉంది కదా, ఇక పోలిక ఎక్కడిది?"

కోర్టు సంచులను పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కపెట్టదు. కిరాణా కొట్టుకు వచ్చిన మనిషి చేతిలో పాత సంచి ఉండదు. పోయిన నెల కొన్నదాని మసక జ్ఞాపకం మాత్రమే ఉంటుంది. 1962లో ‘అమృతధార’, ‘లక్ష్మణధార’ అనే రెండు మందుల పేర్ల తగాదాలో సుప్రీంకోర్టు చూసింది ఈ మనిషినే. సామాన్యుడు పేరును ముక్కలు చేసి, ఏ పదానికి ఏ అర్థమో ఆలోచించి కొనడు, కాబట్టి మోసపోయే అవకాశం ఉందని తేల్చింది. అయినా లక్ష్మణధార పూర్తిగా ఓడిపోలేదు. చాలా ఏళ్లుగా నిజాయితీగా అమ్ముకుంటున్నారు, అవతలివారికి తెలిసీ ఊరుకున్నారు అన్న కారణంతో ఉత్తరప్రదేశ్ వరకు ఆ పేరు వాడుకోనిచ్చారు. మన జిల్లాలో ఈ ఊరుకోవడం ఎక్కువ. ‘పోనీలే, మనవాడే’ అని నాలుగైదేళ్లు చూసి, అమ్మకాలు తగ్గాక నా దగ్గరకు వస్తారు.

ఇక ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్, అంటే సరుకు పేరును, గుర్తును ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవడం. సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి, దేవుడి పటం పక్కన తగిలించినవారు ఈ హాల్లోనే ఉన్నారు. మంచిదే. పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలని మాత్రం మరవకండి. కానీ మీకంటే ముందు నుంచి ఆ పేరుతో అమ్ముతున్నవాడిని ఆ సర్టిఫికెట్ ఆపజాలదు. తిరునెల్వేలి ‘ఇరుట్టుకడై’ హల్వా తగాదాలో ఇరు పక్షాల దగ్గరా రిజిస్ట్రేషన్ ఉంది. అయినా 2015లో సుప్రీంకోర్టు ముందు నుంచి వాడుతున్నవారి పక్షమే నిలిచింది. ఇరుట్టుకడై అంటే చీకటి దుకాణం. చీకటి కొట్టు పేరు కోసం ఢిల్లీ దాకా వెళ్లారంటే, మీ నెమలికి కోపం రావడంలో ఆశ్చర్యం లేదు.

అందుకే నేను అడిగే మొదటి కాగితం సర్టిఫికెట్ కాదు, పాత బిల్లు పుస్తకం. సంచులు కొట్టించిన ప్రింటింగ్ రసీదు, పేరు కనిపించే లారీ ట్రాన్స్‌పోర్టు కాగితం, పత్రికలో వేయించిన చిన్న ప్రకటన, ఏదైనా సరే. చెదలు తిన్నా పరవాలేదు, తేదీ మిగిలితే చాలు. ఒక పెద్దమనిషి దీపావళికి గోదాము శుభ్రం చేస్తూ పాత పుస్తకాలన్నీ తగలబెట్టారు. ఆ మంటలో ఎన్నేళ్ల వాడకం పోయిందో ఆయనకు కేసు వేసిన తర్వాతే తెలిసింది.

ఇంకో మాట. మీరు రిజిస్టర్ చేయించింది మొత్తం లేబుల్ అయితే, అందులోని ‘గోల్డ్’ అనే ముక్క విడిగా మీ సొత్తయిపోదు. ఊరి పేరు కూడా అంతే. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు (ఒక ప్రాంతపు సరుకుకు ఇచ్చే జీఐ గుర్తు) ఉంది, కానీ ఆ పేరు ఏ ఒక్క దుకాణానిదీ కాదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేవి అన్నదమ్ముల కేసులు. ఈమధ్య ఒక పంపకాల కాగితం చూశాను. బాయిలర్, కాటా, లారీలు, చివరికి బోరు మోటారు కూడా రాసుకున్నారు. తండ్రి పెట్టిన పేరు ఎవరికన్నది మాత్రం రాసుకోలేదు. ఇద్దరూ అదే పేరుతో, ఒకే ప్రింటింగ్ ప్రెస్సులో సంచులు కొట్టించారు.

ప్రశ్నలుంటే అడగండి. ఈ నెమళ్లను మాత్రం ఎవరూ ఇంటికి తీసుకెళ్లకండి, మంగళవారం కోర్టులో దాఖలు చేయాలి.