సెల్లార్ గోడ వెనక నిలిచే నీళ్లు

యాంకర్: అన్నా, ఇవాళ మా ఇంటి గొడవతోనే మొదలుపెడతా. నాన్న కట్టించిన ఇంటికి సెల్లార్ ఉంది. వానాకాలం వచ్చిందంటే వెనక గోడ చెమ్మెక్కి తెల్లగా ఉప్పు పూస్తుంది. రెండుసార్లు లోపలి నుంచి వాటర్‌ప్రూఫింగ్ కొట్టించాం, ఏడాది తిరక్కుండానే పొక్కులు లేచి పెచ్చులూడింది.

ఇంజినీర్: ఊడుతుంది తమ్ముడూ. నువ్వు ఇవతల పూస్తున్నావు, నీళ్లు అవతల నుంచి తోస్తున్నాయి. ఆ నీళ్లు అక్కడే ఉన్నంతకాలం ఎంత ఖరీదైన కెమికల్ అయినా నిలవదు. నిజానికి చెమ్మ కన్నా నాకు ఆ తోపుడంటేనే ఎక్కువ భయం.

యాంకర్: తోపుడంటే మట్టి బరువేనా?

ఇంజినీర్: మట్టి కొంత, నీళ్లు ఎక్కువ. పొడి మొరం అయితే గింజకు గింజ పట్టు ఉంటుంది కాబట్టి దాని బరువులో మూడో వంతో సగమో మాత్రమే గోడ మీదికి వస్తుంది. నీళ్లకు ఆ పట్టు లేదు కదా, ఉన్న బరువంతా పక్కకు తోస్తాయి. 10 అడుగుల లోతు, 40 అడుగుల పొడవు గోడ అనుకో, వెనక పైదాకా నీళ్లు నిలిస్తే ఒక్క నీళ్ల తోపుడే దాదాపు 56 టన్నులు. మట్టిది వేరే. అదే నల్లరేగడైతే ఇంకా కష్టం, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే గోడ పక్కన నెర్రెలిస్తుంది, మళ్లీ తొలి వాన నీళ్లు ఆ నెర్రెలోంచి నేరుగా పునాదికి దిగుతాయి.

యాంకర్: మాకు తవ్విన మట్టినే మళ్లీ నింపారు.

ఇంజినీర్: లారీ ఖర్చు మిగులుతుందని చాలామంది అదే చేస్తారు, నాకు బాధ కలిగేదీ అక్కడే. గోడకు బయటివైపు వాటర్‌ప్రూఫింగ్ చేసి, ఆనుకుని అడుగు మందాన 20 ఎంఎం కంకర పోసి, మట్టి కలవకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టి, పునాది మట్టంలో చిల్లుల పీవీసీ పైపు వాలుగా వేసి, తాగునీళ్ల సంపులోకి కాదు, ఆ ఊట నీళ్ల కోసమే విడిగా కట్టిన సంపులోకి కలిపితే నీళ్లు గోడ దగ్గర నిలవవు. మట్టి నింపకముందైతే ఇది చిన్న పని. నింపాక చేయాలంటే మళ్లీ 10 అడుగులు తవ్వాలి.

ఇంకోటి చెప్పాలి. చాలా సెల్లార్ గోడల్ని కింద పునాది, పైన స్లాబ్ రెండూ పట్టుకుంటాయన్న లెక్కతో డిజైన్ చేస్తారు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక సైట్‌లో స్లాబ్ పడకముందే జేసీబీతో మట్టి నింపించేశారు, నేను గట్టిగా ఆపలేకపోయాను. ఆ రాత్రి పెద్ద వాన. తెల్లారి చూస్తే గోడ పైఅంచు లోపలికి ఒరిగి ఉంది. కింద ఎవరూ పడుకోలేదు కాబట్టి సరిపోయింది.

యాంకర్: అమ్మో. మరి కట్టేసిన ఇంట్లో ఏం చూసుకోవాలి?

ఇంజినీర్: నిలువుగా వెంట్రుకంత చీలిక ఉంటే చాలావరకు సిమెంటు ఆరేటప్పుడు వచ్చిందే. గోడ మధ్య ఎత్తులో అడ్డంగా చీలిక వచ్చినా, తూకం గుండు వేలాడదీస్తే గోడ కడుపు లోపలికి వచ్చినట్టు కనిపించినా ఆలస్యం చేయకుండా స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవాలి. చీలిక చివర పెన్సిల్ గీత పెట్టి తేదీ రాస్తే పెరుగుతోందో లేదో తెలుస్తుంది.

యాంకర్: 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో సెల్లార్లు మునిగాయి కదా, అప్పుడు అందరూ మోటార్లు పెట్టి తోడేశారు.

ఇంజినీర్: బయట మట్టి నానిపోయి ఉన్నప్పుడు లోపలి నీళ్లే గోడకు ఎదురు ఆనిక. అవన్నీ ఒక్కసారే తోడేస్తే బయటి తోపుడు మొత్తం గోడే మోయాలి. కాబట్టి రెండు మూడు అడుగులు తోడి, గుర్తు పెట్టి, రాత్రంతా ఆగి, నీళ్లు మళ్లీ పెరగకపోతేనే ఇంకొంచెం తోడాలి. సరే గానీ, మీ టెర్రస్ నీళ్లు ఎటు పోతాయి?

యాంకర్: ఇంకుడు గుంతలోకి.

ఇంజినీర్: అదెక్కడుంది?

యాంకర్: ఆ గోడ వెనకే అన్నా, మూడడుగులు కూడా ఉండదేమో.

ఇంజినీర్: చూశావా, ఇంటి కప్పు మీద పడిన వానంతా మీరే తెచ్చి గోడకు ఆనిస్తున్నారు. గుంత మంచిదే, నేను వద్దనను, కానీ గోడకు కనీసం 10 అడుగుల దూరంలో, నేల దిగువకు వాలిన వైపు ఉండాలి. ఆదివారం వచ్చి చూస్తా. ఈలోపు ప్లంబర్‌ని పిలిచి ఆ టెర్రస్ పైపుకు ముక్క కలిపించి నీళ్లు ముందు వైపుకు తిప్పించు.