తిప్పే ముందు తుడవండి

అందరికీ నమస్కారం. ఇంత చలిలో పిల్లలతో సహా టోక్యో పక్కనున్న చిబా దాకా వచ్చారు, సంతోషం. నన్ను ఎయిర్‌సాఫ్ట్, అంటే ప్లాస్టిక్ గుండ్లు కాల్చే బొమ్మ తుపాకుల ఆటలో భద్రత గురించి మాట్లాడమన్నారు. ఒక్క మాట చెబుతాను: మైదానంలో ఉన్నంతసేపు రక్షణ కళ్లజోడు తీయకండి, ఆవిరి పట్టినా సరే. మిగిలిన సమయం హాప్ అప్‌కి, అంటే గుండును తిప్పి దూరం పంపే అమరికకి ఇవ్వండి. మూడు నెలలు నేను పడిన అవస్థ మీరెవరూ పడకూడదు.

తుపాకీ గొట్టం మొదట్లో, పైనుంచి కిందికి పొడుచుకొచ్చిన చిన్న రబ్బరు బొడిపె ఉంటుంది. అది ఎంత కిందికి దిగాలో ఒక డయల్ తిప్పి సరిచేస్తాం. 6 మిల్లీమీటర్ల గుండు దాన్ని రాసుకుంటూ, వెనక్కి గిర్రున తిరుగుతూ బయటపడుతుంది. తిరిగే బంతిని గాలి పక్కకు నెట్టినట్టే ఈ గుండును పైకి ఎత్తిపడుతుంది. 1852లో మాగ్నస్ వివరించిన సూత్రమే ఇది. జపాన్‌లో 2006లో సవరించిన చట్టం వల్ల గుండు శక్తి సుమారు 0.98 జౌల్స్ దాటకూడదు. అంటే 0.2 గ్రాముల గుండుకు సెకనుకు 99 మీటర్ల వేగం. బలం పెంచే దారి లేదు కాబట్టి దూరం పోవాలంటే ఆ బొడిపే దిక్కు.

నా గ్యాస్ బ్లోబ్యాక్ రైఫిల్, అంటే గ్యాస్ ఒత్తిడితో గుండు పేల్చే తుపాకీ, తొలి నెలలో 30 మీటర్లు సూటిగా కొట్టేది. ఆ తర్వాత ఒక గుండు ఆకాశానికి, ఇంకొకటి నేలకు. డయల్ ఎటు తిప్పినా అంతే. దుకాణంలో ఇస్తే రబ్బరు మార్చి డబ్బు తీసుకున్నారు. రెండు వారాలు బాగుంది, మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ రబ్బరు, మళ్లీ డబ్బు.

చివరికి ఒక రాత్రి భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి నేనే విప్పాను. రబ్బరును వేళ్ల మధ్య పట్టుకుంటే జారిపోయింది. టిష్యూతో అద్దితే, వేయించిన అప్పడాలు పెట్టిన కాగితంలా మెరిసింది. సిలికాన్ నూనె! గుండ్లూ గ్యాసూ నింపే మ్యాగజైన్ వాల్వు ఎండిపోకూడదని వారం వారం నేను వేసిన చుక్కలే గ్యాసుతో కలిసి ప్రతి దెబ్బకూ రబ్బరు మీదికి చిమ్మాయి. పట్టు లేని రబ్బరు ఒక గుండును తిప్పుతుంది, ఇంకొకదాన్ని వదిలేస్తుంది. డయల్ ఏం చేస్తుంది పాపం? "నూనె ఎప్పుడు వేశారు, ఎంత వేశారు?" అని ఆ దుకాణంలో ఒక్కరైనా అడిగి ఉంటే! నాకు ఇప్పటికీ మండేది ఆ అడగని ప్రశ్న గురించే.

వెనక కూర్చున్న తమ్ముడూ, ఆ డయల్ ముట్టుకోకు, ఒక్క నిమిషం ఆగు.

చలి సంగతి కూడా చెప్పాలి. వరుసగా కాలిస్తే మ్యాగజైన్ మంచుముక్కలా చల్లబడి గ్యాస్ ఒత్తిడి పడిపోతుంది, గుండు వేగం తగ్గుతుంది. అప్పుడు హాప్ సరిచేస్తే, మ్యాగజైన్ వెచ్చబడ్డాక ఆ లెక్క తప్పుతుంది. జేబులో వెచ్చగా పెట్టుకున్న మ్యాగజైన్‌తోనే సరిచేయండి. గుండు ఎప్పుడూ ఒకే పక్కకు వంగుతుంటే అది డయల్ తప్పు కాదు, రబ్బరు వంకరగా కూర్చుంది. విప్పి సరిగా కూర్చోబెట్టాల్సిందే.

సరే, ఇప్పుడు అందరూ మ్యాగజైన్లు తీయండి. లోపల గుండు మిగల్లేదని చూసుకోండి. డయల్‌ను సున్నాకు తెచ్చి, కడ్డీకి టిష్యూ చుట్టి గొట్టం మూతి వైపు నుంచి మెల్లగా దూర్చి, తిప్పుతూ తీయండి. టిష్యూ పొడిగా వచ్చేదాకా మార్చి మార్చి తుడవండి. ఆ తర్వాతే డయల్, అదీ కొంచెం కొంచెంగా. కడ్డీలు ఈ సంచిలో ఉన్నాయి. తమ్ముడూ, ముందు నువ్వు రా.