కొడాక్ ఆయనకి సంగీతం కాలేజీ ఎందుకు?

[చేతిలో పసుపు రంగు కొడాక్ రీలు డబ్బా]

విజయవాడ నుంచి నమస్తే అండీ. ఈ డబ్బా గుర్తుందా? 36 ఫోటోల రీలు. పెళ్ళి అయిపోగానే దీన్ని బీసెంట్ రోడ్డు వైపు స్టూడియోలో ఇచ్చి, కడిగాక ఎన్ని బాగొచ్చాయో అని ఎదురుచూసిన ఇళ్ళు మన ఊళ్ళో బోలెడు.

ఈ కంపెనీ పెట్టిన జార్జ్ ఈస్ట్‌మనే అమెరికాలోని రోచెస్టర్‌లో ఈస్ట్‌మన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్ పెట్టించారు. ఎప్పుడు చెప్పినా నాకు ఎదురయ్యే మాట ఒక్కటే: "డబ్బున్నాయన, పేరు కోసం పెట్టుంటాడు. ఆయనకి సంగీతం వచ్చా ఏంటి?"

రాదు. చిన్నప్పుడు ఫ్లూట్ పట్టుకున్నారు, పట్టుబడలేదు. పెద్దయ్యాక పొద్దున టిఫిన్ వేళకి ఒక ఆర్గన్ విద్వాంసుణ్ణి ఇంటికి పిలిపించుకుని వినేవారు. అంటే ఆయన శ్రోత. నన్ను కట్టిపడేసింది అదే.

మళ్ళీ ఈ రీలు దగ్గరికి రండి. అంతకుముందు ఫోటో అంటే గాజు పలకలు, మందులు, చీకటి గది. 1888లో ఈస్ట్‌మన్ 25 డాలర్లకి పెట్టె కెమెరా తెచ్చారు. లోపల 100 ఫోటోల రీలు. అయిపోయాక కెమెరాతో సహా ఫ్యాక్టరీకి పంపితే, 10 డాలర్లు తీసుకుని ఫోటోలు కడిగి, కొత్త రీలు ఎక్కించి పంపేవారు. "బటన్ మీరు నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం" అని ప్రకటన. ఆ వ్యాపారాన్ని పెంచింది ఫోటోగ్రఫీ ఏమీ తెలియకుండా బటన్ నొక్కిన మామూలు మనుషులు.

మరి సంగీతంలో బటన్ నొక్కేదెవరు? వినేవాళ్ళు!

మన ఊళ్ళో పిల్లల కచేరీకి వెళ్ళి చూడండి. మొదటి పాపకి హాలు నిండుగా ఉంటుంది. ఆ పాప కీర్తన అవగానే అమ్మ, నాన్న, బాబాయి, అత్తయ్య లేచి, స్టేజీ పక్కన ఫోటో దిగి, వెళ్ళిపోతారు. చివరి పిల్లాడు పాడేసరికి వేదిక మీద మృదంగం ఆయన, కింద మూడు వరసల ఖాళీ కుర్చీలు. ఆ పిల్లాడి ముఖం చూస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది. ఘంటసాల గారి పేరుతో సంగీత కళాశాల ఉన్న ఊరండీ మనది.

ఈస్ట్‌మన్ సరిగ్గా ఈ ఖాళీ కుర్చీల గురించే ఆలోచించారు. విద్వాంసుల్ని పెట్టుకోవచ్చు, భవనాలూ కట్టొచ్చు, కానీ విని ఆనందించే జనం లేకపోతే ఏ ఊళ్ళోనూ సంగీతం నిలవదని ఆయన వాదన. అందుకే రోచెస్టర్ బడి పిల్లలకి వాయిద్యాలు కొనిచ్చారు. వాళ్ళందరూ విద్వాంసులు అవ్వక్కర్లేదు. రీలు కొన్న ప్రతివాళ్ళూ స్టూడియో పెట్టారా?

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. 1921లో స్కూలు మొదలైంది, యూనివర్సిటీ ఆఫ్ రోచెస్టర్‌లో భాగంగా. 1922లో దాన్ని ఆనుకుని 3,000కి పైగా సీట్లతో థియేటర్. అక్కడ మూకీ సినిమాలు వేసేవారు, ఎదురుగా ఆర్కెస్ట్రా వాయించేది. సినిమాకని వచ్చినవాళ్ళ చెవిన సంగీతం పడేది. ఎంత మంచి ఉపాయమో! 1924లో హోవర్డ్ హాన్సన్ అనే స్వరకర్త మ్యూజిక్ స్కూలుకి డైరెక్టర్‌గా వచ్చి 40 ఏళ్ళు నడిపారు. ఈస్ట్‌మన్ 1932లో పోయారు.

[థియేటర్ ముందువైపు ఫోటో]

పైన చెక్కిన అక్షరాలు చూడండి. ఊరి జనం జీవితం సుసంపన్నం కావడానికి, అని అర్థం. లోపలి హాలుని ఇప్పుడు కొడాక్ హాల్ అంటున్నారు.