తెర మీది దయ్యాల వెనక ఉన్న మనుషులు

అందరికీ నమస్కారం.

హారర్ సినిమా మొదలవగానే నల్లటి తెర మీద ఒక మాట పడుతుంది: "యథార్థ సంఘటనల ఆధారంగా". అది చదవగానే కుర్చీలో సర్దుకుని కూర్చుంటాం. అక్కడి నుంచి తలుపు కిర్రుమన్నా నిజంగా ఇలాగే జరిగిందేమో అనిపిస్తుంది. నాకు ఈ సినిమాలంటే చాలా ఇష్టం. అందుకే వాటికి మూలమైన సంఘటనల వెంట పడ్డాను. చదివిన కొద్దీ ఒక సంగతి మళ్లీ మళ్లీ ఎదురైంది. సినిమా ఆ సంఘటనలోని భయాన్ని తీసుకుంటుంది. ఆ భయానికి కారణమైన జబ్బునో, విషాన్నో, అబద్ధాన్నో వదిలేస్తుంది. ఒక్కోసారి చనిపోయిన మనిషిని కూడా వదిలేస్తుంది.

పక్షులతో మొదలుపెడతాను. 1961 ఆగస్టు 18 తెల్లవారుజామున, కాలిఫోర్నియాలో మాంటెరీ అఖాతం ఒడ్డునున్న కాపిటోలా ఊళ్లో, ఇంటి కప్పుల మీద ఏవో దబదబా పడుతున్న చప్పుడుకి జనం లేచారు. టార్చిలైట్లు పట్టుకుని బయటికి వస్తే పక్షులు ఆ వెలుగు వైపే దూసుకొచ్చాయి. హడలిపోయి మళ్లీ లోపలికి పరుగెత్తారు. తెల్లారాక చూస్తే వీధుల నిండా సూటీ షియర్‌వాటర్ అనే సముద్రపు పక్షులు. కొన్ని చచ్చిపడి ఉన్నాయి, కొన్ని ఎగరలేక కొట్టుకుంటున్నాయి. అవి కక్కిన చేపలతో ఊరంతా నీచు కంపు. సినీ దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఈ వార్త తెలిసి అక్కడి పత్రికను వివరాలు అడిగారు. 1963లో 'ద బర్డ్స్' వచ్చింది. ఆ పక్షులు మనుషుల మీద ఎందుకు పడ్డాయో సినిమా చివరిదాకా చెప్పదు. దాని బలమంతా అక్కడే ఉందని నేనూ ఒప్పుకుంటాను.

అసలు కారణం బయటపడటానికి ఏళ్లు పట్టింది. 1987లో కెనడాలో మస్సెల్స్ అనే ఆల్చిప్పలు తిని వంద మందికి పైగా జబ్బుపడ్డారు. కొందరు చనిపోయారు, కొందరికి జ్ఞాపకశక్తి దెబ్బతింది. డొమోయిక్ యాసిడ్ అనే విషం అప్పుడు పట్టుబడింది. సముద్రంలో కంటికి కనిపించనంత చిన్న నాచు దాన్ని తయారుచేస్తుంది. ఆ నాచును చిన్న చేపలు తింటాయి, ఆ చేపల్ని పక్షులు తింటాయి, విషం పక్షి మెదడుకెక్కుతుంది. 1961 వేసవిలో అదే అఖాతంలో సేకరించి దాచిన జంతు ప్లవకాల (నీటిలో తేలే అతి చిన్న జీవుల) నమూనాలను యాభై ఏళ్ల తర్వాత శాస్త్రవేత్తలు తీసి చూస్తే, వాటి కడుపులో ఈ విషాన్ని తయారుచేసే నాచే ఎక్కువగా కనిపించింది. ఆ రాత్రి పక్షులు ఎవరి మీదా దాడి చెయ్యలేదు. దారీతెన్నూ తెలియక ఇళ్లకు గుద్దుకున్నాయి.

విస్కాన్సిన్‌లోని ప్లెయిన్‌ఫీల్డ్‌కి చెందిన హంతకుడు ఎడ్ గీన్ గురించి ఎక్కువ మాట్లాడను. 'సైకో' నుంచి 'ద సైలెన్స్ ఆఫ్ ద ల్యాంబ్స్' దాకా ఎన్నో సినిమాల్లో అతని నీడ ఉంది, అతని గురించి అందరికీ తెలుసు. కానీ 1957లో అతని చేతిలో చనిపోయిన బెర్నీస్ వార్డెన్ ఎవరో ఎంతమందికి తెలుసు? ఆమె ఆ ఊళ్లో హార్డ్‌వేర్ షాపు నడిపేది. గీన్ దొరికింది కూడా ఆమె వల్లే. ఆ రోజు ఆమె రాసిన ఆఖరి రసీదు యాంటీఫ్రీజ్‌ది (చలికి కారు ఇంజిన్‌లో నీళ్లు గడ్డకట్టకుండా పోసే ద్రవం). ముందురోజు ఆ సరుకు గురించి అడిగివెళ్లింది గీన్ అని ఆమె కొడుక్కి గుర్తొచ్చింది. పోలీసులు అతన్ని పట్టుకుని, అతని ఇల్లు సోదా చేశారు.

ఇక అబద్ధం సంగతి. న్యూయార్క్ రాష్ట్రంలో అమిటీవిల్ అనే ఊరు. 1974 నవంబరు 13న రోనాల్డ్ డిఫియో అనే 23 ఏళ్ల యువకుడు నిద్రపోతున్న అమ్మానాన్నల్ని, ఇద్దరు తమ్ముళ్లని, ఇద్దరు చెల్లెళ్లని రైఫిల్‌తో కాల్చి చంపాడు. ఇది నిజం. ఏడాది తర్వాత ఆ ఇంటిని 80,000 డాలర్లకు కొనుక్కున్న కుటుంబం, ఇంట్లో దయ్యాలున్నాయంటూ 28 రోజులకే వెళ్లిపోయింది. దాని మీద 1977లో పుస్తకం, 1979లో సినిమా వచ్చాయి, రెండూ విపరీతంగా ఆడాయి. వైన్ సీసాలు ముందు పెట్టుకుని అందరం కలిసి అల్లిన కథ అది అని డిఫియో తరఫు లాయరే తర్వాత చెప్పాడు. ఆ కుటుంబం మాత్రం తమ మాట మీదే నిలబడింది. తర్వాత ఆ ఇంట్లో ఉన్నవాళ్లు, తమను ఇబ్బంది పెట్టింది ఇల్లు చూడటానికి ఎగబడే జనమే తప్ప దయ్యాలు కావన్నారు. నాకు కోపం తెప్పించేది ఒక్కటే: ఈ గోలలో చనిపోయిన ఆ నలుగురు పిల్లలు కథకు ముందుమాటలా మిగిలిపోయారు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి నాకు కష్టంగా ఉంటుంది. 2005లో వచ్చిన 'ది ఎక్సార్సిజమ్ ఆఫ్ ఎమిలీ రోజ్' చూసే ఉంటారు. దానికి మూలం జర్మనీకి చెందిన ఆనెలీజె మిషెల్. చాలా నిష్ఠగల క్యాథలిక్ కుటుంబం. 16 ఏళ్ల వయసులో మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. డాక్టర్లు మూర్ఛ అన్నారు, మందులిచ్చారు. డిప్రెషన్ వచ్చింది, ఏవేవో గొంతులు వినపడేవి. అయినా టీచర్ కావాలని వూర్ట్స్‌బుర్గ్‌లో యూనివర్సిటీలో చేరింది. మందులతో తగ్గడం లేదని ఆమె, ఇంట్లోవాళ్లు చర్చిని ఆశ్రయించారు. 1975 సెప్టెంబరు నుంచి దాదాపు పది నెలల పాటు ఇద్దరు ఫాదర్లు భూతవైద్యపు ప్రార్థనలు చేశారు, మొత్తం 67 సార్లు. డాక్టర్ల దగ్గరికి వెళ్లడం మానేశారు. ఆమె తిండి మానేసింది. పదేపదే మోకాళ్ల మీద వంగి వంగి మోకాళ్లు పాడైపోయాయి. 1976 జూలై 1న ఇంట్లోనే చనిపోయింది. వయసు 23, బరువు సుమారు 30 కిలోలు. దెయ్యం పేరెత్తడానికి పోస్ట్‌మార్టంలో ఏమీ లేదు. తిండి లేక, నీళ్లు లేక చనిపోయిందని తేలింది.

1978లో తల్లిదండ్రులకీ ఇద్దరు ఫాదర్లకీ నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన నేరం కింద ఆరు నెలల శిక్ష పడింది. దాన్ని సస్పెండ్ చేశారు. నేను వాళ్లను రాక్షసులని అనను. పిల్ల బతకాలనే వాళ్లూ కోరుకున్నారు, అందుకే ఈ కేసు ఇంత బాధపెడుతుంది. సినిమా మాత్రం ఆమె ఆ బాధను తానే ఎంచుకుందని, దానికో పరమార్థం ఉందని చూపించింది. దర్శకుడికి ఆ స్వేచ్ఛ ఉందంటారు. ఉంది. కానీ మంచం మీద 30 కిలోల మనిషి ఉన్నప్పుడు పిలవాల్సింది డాక్టర్ని. ఆ మాట సినిమాలో ఇంకా గట్టిగా వినపడాల్సింది.

చివరిగా, ఎక్కువమందికి మూలం తెలియని సినిమా. 1984లో వెస్ క్రావెన్ తీసిన 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్'. నిద్రపోతే కలలోకి వచ్చి చంపేవాడి కథ. లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో వచ్చిన వార్తల నుంచి ఆ ఆలోచన పుట్టిందని క్రావెన్ చాలాసార్లు చెప్పారు. ఒక కుర్రాడు పీడకలలకు భయపడి రోజుల తరబడి నిద్ర ఆపుకున్నాడు. చివరికి నిద్రపోయాడు, హమ్మయ్య అనుకుని ఇంట్లోవాళ్లూ పడుకున్నారు. అర్ధరాత్రి అరుపు వినిపించింది. వాళ్లు వెళ్లేసరికి ప్రాణం పోయింది. తర్వాత చూస్తే అతని గదిలో దాచిపెట్టిన కాఫీ మేకర్ దొరికింది. సినిమాలో హీరోయిన్ గదిలో దాచుకునే కాఫీ మేకర్ చూడండి, ఈసారి మీకు ఆ కుర్రాడు గుర్తొస్తాడు.

ఇలా చనిపోయినవాళ్లలో చాలామంది లావోస్ నుంచి అమెరికా చేరిన హ్మాంగ్ శరణార్థులు. లావోస్‌లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ నడిపిన రహస్య యుద్ధంలో ఆ కొండజాతి మగవాళ్లు అమెరికా తరఫున పోరాడారు. 1975లో అమెరికా అక్కణ్ణుంచి తప్పుకున్నాక ప్రాణాలు అరచేత పట్టుకుని మెకాంగ్ నది దాటి థాయ్‌లాండ్ శిబిరాలకు చేరారు. అంత దాటుకుని వచ్చినవాళ్లు, ఏ జబ్బూ లేని పడుచు మగవాళ్లు, రాత్రి పడుకుని తెల్లారేసరికి లేవలేదు. 1981లో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ ఈ మరణాల మీద నివేదిక ఇచ్చింది. పోస్ట్‌మార్టంలో కారణం దొరకలేదు. గుండె మీద కూర్చుని ఊపిరి ఆడనివ్వని దయ్యం ఒకటుందని హ్మాంగ్‌ల నమ్మకం. కొత్త దేశంలో దాన్ని తరిమే పూజలు చేయించుకోలేకపోయామని కొందరు కుమిలిపోయారు. షెల్లీ ఆడ్లర్ అనే పరిశోధకురాలు కాలిఫోర్నియాలో ఆ కుటుంబాలతో మాట్లాడి, ఆ టెన్షన్ కూడా గుండెను దెబ్బతీసి ఉండొచ్చని రాశారు.

1992లో బ్రుగాడా అనే ఇంటిపేరున్న ఇద్దరు అన్నదమ్ములు, స్పెయిన్‌కి చెందిన డాక్టర్లు, గుండె లయకు సంబంధించిన ఒక జబ్బును వర్ణించారు. దాన్ని బ్రుగాడా సిండ్రోమ్ అంటారు. గుండె ఆకారంలో లోపం ఉండదు, దాని కరెంటులో ఉంటుంది. మగవాళ్లలోనే చాలా ఎక్కువ. ప్రమాదం ఎక్కువగా విశ్రాంతిలో, నిద్రలో వస్తుంది. ఆగ్నేయాసియాలో నిద్రలో జరిగే మరణాల్లో చాలావాటికి మూలం ఇదేనని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఎల్మ్ స్ట్రీట్‌లో కలలోకి వచ్చి చంపే ఫ్రెడ్డీ క్రూగర్‌ని ప్రపంచమంతా గుర్తుపడుతుంది. ఆ సినిమాలో ఒక్క హ్మాంగ్ పాత్ర కూడా లేదు.

ఈ జబ్బు చాలాసార్లు ఈసీజీలో కనిపిస్తుంది. మామూలు ఈసీజీలో దొరక్కపోతే మందు ఇచ్చి తీసే పరీక్ష ఉంది. ప్రమాదం ఎక్కువని తేలినవాళ్లకి, లయ తప్పిన గుండెను షాక్‌తో దారిలో పెట్టే చిన్న పరికరం అమరుస్తారు. జ్వరం వస్తే ముప్పు పెరుగుతుంది కాబట్టి వెంటనే తగ్గించుకోవాలి. ఇది వంశపారంపర్యంగా రావచ్చు. మీ కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో, ఏ కారణమూ తెలియకుండా నిద్రలో చనిపోయి ఉంటే, ఆ సంగతి గుండె డాక్టర్‌కి చెప్పి ఒక్కసారి ఈసీజీ తీయించుకోండి. దగ్గరి బంధువులకు కూడా తీయించండి.