రాత్రంతా నడిచిన బిల్డ్ పొద్దునకి ఎందుకు ఆగిపోతుంది?

[తెర మీద: టెర్మినల్. లైన్లు గబగబా పైకి పోతుంటాయి. ఉన్నట్టుండి ఆగిపోతాయి.]

"ఏందన్నా ఇది, రాత్రంతా నడిచింది, పొద్దున చూస్తే ఆగిపోయుండాది!"

పోయిన మే నెలలో తిరుపతి బైరాగిపట్టెడలోని రూమ్ నుంచి మా తమ్ముడు చేసిన ఫోన్ ఇది. లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు అక్షరాల దగ్గర ఒక చిన్న తప్పు సరిచేద్దామని కూర్చున్నాడు. మార్చింది రెండే లైన్లు. అవి పనిచేస్తున్నాయో లేదో చూడాలంటే మొత్తం సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ నుంచి కంపైల్ చెయ్యాలి, అంటే మనుషులు రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగే ప్రోగ్రామ్‌గా మార్చాలి. ఈ పనంతా కలిపి బిల్డ్.

ఆ సోర్స్ ఏమో పెద్ద ఉమ్మడి కుటుంబం. జర్మనీలో స్టార్‌ఆఫీస్‌గా పుట్టింది. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొనుక్కుంది, 2000లో కోడ్ బయటపెట్టింది. 2010లో లిబ్రేఆఫీస్ వేరు కాపురం పెట్టింది. లక్షల లైన్ల సీ ప్లస్ ప్లస్.

[తెర మీద: కాన్ఫిగర్ ఎర్రర్]

మొదటి తలనొప్పి డిపెండెన్సీలు, అంటే కంపైల్ మొదలుకాకముందే సిస్టమ్‌లో ఉండాల్సిన వేరే సాఫ్ట్‌వేర్లు. జీపెర్ఫ్ లేదంటుంది. అది వేస్తే బైసన్ లేదంటుంది. ఒక్కోటీ వెతుక్కుంటూ పోతే తెల్లారిపోతుంది. ఉబుంటు లైనక్స్‌లో సోర్స్ రిపాజిటరీలు ఆన్ చేసి 'ఆప్ట్ బిల్డ్-డెప్' కొడితే చాలావరకు ఒకేసారి దిగుతాయి. "లైబ్రరీ ఉంది కదన్నా, అయినా లేదంటాడే" అన్నాడు మావాడు. లైబ్రరీ ఉంటే ప్రోగ్రామ్ నడుస్తుంది, అంతే. కంపైల్ చెయ్యాలంటే, ఆ లైబ్రరీలో ఏమేం ఉన్నాయో కంపైలర్‌కి చెప్పే హెడర్ ఫైళ్లు కావాలి. అవి 'డెవ్' అని తోక ఉన్న వేరే ప్యాకేజీలో ఉంటాయి.

[తెర మీద: మెమరీ గ్రాఫ్ నిలువునా లేస్తుంది]

అసలు కథ ఇక్కడుంది. మావాడి సిస్టమ్ ప్రాసెసర్‌లో 8 కోర్లు, అంటే ఒకేసారి ఎనిమిది పనులు చెయ్యగలదు. ర్యామ్ 8 జీబీ. ఏమీ చెప్పకపోతే లిబ్రేఆఫీస్ బిల్డ్ కోర్లు లెక్కపెట్టుకుని అన్ని పనులూ ఒక్కసారే మొదలుపెడుతుంది. పెద్ద ఫైల్ తగిలితే ఒక్క కంపైలర్ ప్రాసెసే జీబీ దాటి మింగేస్తుంది. అలాంటివి ఎనిమిది! ర్యామ్ అయిపోగానే లైనక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్ ఒకదాన్ని ఎంచుకుని చంపేస్తుంది. తెర మీద 'కిల్డ్ సిగ్నల్ టెర్మినేటెడ్ ప్రోగ్రామ్ సీసీవన్‌ప్లస్' అని వస్తుంది. సీసీవన్‌ప్లస్ అంటే ఆ కంపైలరే. కోడ్‌లో తప్పేమీ లేదు, పాపం. కోర్లను కాదు, ర్యామ్‌ను లెక్కపెట్టండి: పనికి 2 జీబీ చొప్పున వేసుకుంటే 8 జీబీకి నాలుగు, బ్రౌజర్ తెరిచి ఉంటే మూడు. ఆ అంకెను, బిల్డ్‌కి ముందు నడిపే ఆటోజెన్ స్క్రిప్ట్‌కి 'విత్-ప్యారలలిజం' అని ఇవ్వాలి.

లింకింగ్ ఇంకో మెలిక. వైకుంఠం కాంప్లెక్స్‌లో ఎన్ని కంపార్ట్‌మెంట్లున్నా చివరికి మహాద్వారం దగ్గర అందరూ ఒకటే క్యూ కదా. వేర్వేరుగా కంపైలైన ముక్కలన్నీ లింకర్ దగ్గర అలాగే కలుస్తాయి. తప్పులు వెతకడానికి పనికొచ్చే డీబగ్ సమాచారం కూడా పెట్టారా, మెమరీ అక్కడ మళ్లీ లేస్తుంది.

ఇంకో మాట. బిల్డ్‌ను నడిపే టూల్ పేరు మేక్. అది చివర చూపించే 'మేక్ ఎర్రర్ 2'ని గూగుల్‌లో వెతక్కండి, దండగ. అసలు తప్పు వందల లైన్ల పైన ఉంటుంది. తెర మీద వచ్చేదంతా (లాగ్) ఫైల్‌లోకి పంపి, మొదటి 'ఎర్రర్' ఎక్కడుందో చూడండి.

[తెర మీద: చీకటి. ఫ్యాన్ ఆగిన చప్పుడు.]

నాలుగు పనులకి తగ్గించాక బిల్డ్ బాగానే నడుస్తోంది. అప్పుడు కరెంటు పోయింది. యూపీఎస్ లేదు. "అంతా మళ్లీ మొదట్నుంచేనా?" అన్నాడు. కాదు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన మేక్‌కి ఉన్న తెలివే అది: ఫైళ్ల టైమ్ చూసి, అయినవాటిని వదిలేస్తుంది. చిక్కేమిటంటే, కరెంటు పోయిన క్షణంలో రాస్తున్న ఆబ్జెక్ట్ ఫైళ్లు (కంపైలైన ముక్కలు) సున్నా బైట్లతో మిగిలిపోవచ్చు. టైమ్ కొత్తదే కాబట్టి మేక్ వాటినీ అయిపోయినట్టే లెక్కేసుకుంటుంది. తర్వాతెప్పుడో లింకర్ 'ఫైల్ నాట్ రికగ్నైజ్డ్' అని మొరాయిస్తుంది. 'ఫైండ్'తో సున్నా సైజు ఆబ్జెక్ట్ ఫైళ్లు వెతికితే మూడు దొరికాయి. అవి తీసేసి మళ్లీ మేక్ కొట్టాడు.

మధ్యాహ్నం మూడింటికి లిబ్రేఆఫీస్‌లోని రైటర్ తెరుచుకుంది. అక్షరం ఇంకా తప్పుగానే ఉంది! వాడు రాసిన రెండు లైన్లలో ఒకటి తప్పు. దిద్ది మళ్లీ మేక్ కొడితే, ఆ ఒక్క ఫైలే కంపైలై, టీ తాగొచ్చేలోపు అయిపోయింది.