మారియో బావా: పైసల్లేకుండా భయపెట్టిన కెమెరామన్

అందరికీ నమస్కారం. ఇటాలియన్ హారర్ అనగానే చాలామంది దర్శకుడు డారియో అర్జెంటో పేరు చెబుతారు. తప్పేం లేదు. కానీ ఆ చిక్కటి రంగులు, ఆ నల్ల గ్లౌజుల హంతకుడు ఆయనకంటే ముందే ఇంకొకాయన సినిమాల్లో ఉన్నాయి. ఆయనే మారియో బావా. ఇవాళ ఒక్క సినిమా కాదు, మొత్తం మనిషి గురించే మాట్లాడుకుందాం.

1914లో ఇటలీలోని సాన్ రెమోలో పుట్టాడు. తండ్రి మూకీల కాలం నాటి కెమెరామన్, ట్రిక్కుల్లో ఘనుడు. కొడుకు పెయింటర్ అవుదామనుకుని, ఆఖరికి కెమెరా పట్టాడు. బావా కెమెరామన్‌గా చేసిన 1957 నాటి 'ఐ వాంపిరి'కి డైరెక్టర్ రికార్డో ఫ్రెడా. ఆయన గొడవపడి మధ్యలో వెళ్లిపోతే మిగిలింది బావానే పూర్తి చేశాడు.

అందులో ఒక షాట్ చూడండి. అందగత్తె ముఖం కట్ లేకుండా, మన కళ్లముందే ముడతలు పడిపోతుంది. ఎలా తీశారంటే, ముడతలు ముందే ఎర్రరంగుతో గీసేశారు. ఎర్ర లైటు కింద అవి కనబడవు. లైటు రంగు మెల్లగా ఆకుపచ్చకి మారేసరికి ఆ గీతలు నల్లగా బయటపడతాయి. బ్లాక్ అండ్ వైట్ సినిమా కాబట్టి లైటు మారిందని ప్రేక్షకుడికి తెలియదు. బావా అంటే ఏంటో ఈ ఒక్క షాట్ చెప్పేస్తుంది.

సొంతంగా తీసిన తొలి సినిమా 1960లో, 'బ్లాక్ సండే'. లోపల మేకులున్న లోహపు ముసుగుని మంత్రగత్తె ముఖానికి సుత్తితో దిగ్గొట్టే సీన్‌తో మొదలవుతుంది. బ్రిటన్‌లో 1968 దాకా దీన్ని రానివ్వలేదు. బార్బరా స్టీల్ డబుల్ రోల్, ఆ కళ్లు చాలు.

1963లో 'బ్లాక్ సబ్బత్'. మూడు కథలు. ఆ పేరున్న రాక్ బ్యాండ్‌కి పేరు వచ్చింది దీన్నుంచే. చివర్లో నటుడు బోరిస్ కార్లాఫ్ గుర్రం మీద దూసుకుపోతుంటాడు. కెమెరా వెనక్కి జరిగితే అది ఉత్తుత్తి గుర్రం! చుట్టూ యూనిట్ వాళ్లు చెట్టుకొమ్మలు పట్టుకుని పరుగెడుతుంటారు, అడవి వెనక్కి పోతున్నట్టు. హారర్ తీసి, ఆఖరికి తన గుట్టు తానే విప్పి నవ్వుకోవడానికి ధైర్యం కావాలి. అమెరికన్ వెర్షన్‌లో ఈ ముక్క లేదు, ఇటాలియన్‌దే చూడండి.

1964 నాటి 'బ్లడ్ అండ్ బ్లాక్ లేస్' దగ్గర నాకు కొంచెం పేచీ ఉంది. ఫ్యాషన్ హౌస్, వరుస హత్యలు, ప్రతి ఫ్రేమూ కళ్లు చెదిరేలా ఉంటుంది. కానీ హంతకుడెవరన్నది బావాకే పెద్దగా పట్టినట్టు ఉండదు. కథ కోసం చూస్తే విసుగొస్తుంది.

నా ఓటు 1966 నాటి 'కిల్, బేబీ... కిల్!'కి. మధ్యలో డబ్బులైపోతే యూనిట్ జీతాల్లేకుండా పనిచేసిందట, తెర మీద మాత్రం ఆ లేమి కనబడదు. బంతితో ఆడే దెయ్యం పిల్ల ఉంటుంది కదా, వేసింది ఒక అబ్బాయి. హీరో ఒక మనిషిని వెంటాడుతూ అదే గదిలోంచి మళ్లీమళ్లీ పరుగెత్తుతాడు. చివరికి పట్టుకుని చూస్తే అది తనే! రెండేళ్లకి ఇటాలియన్ దర్శకుడు ఫెల్లీని కూడా బంతి పట్టుకున్న పాపని సైతానుగా చూపించాడు.

1971 నాటి 'ఎ బే ఆఫ్ బ్లడ్'లో కెమెరా కూడా ఆయనదే, ట్రాలీ బదులు పిల్లల ఆటబండి వాడాడు. అమెరికన్ స్లాషర్ సినిమాలు (అంటే హంతకుడు ఒక్కొక్కర్నీ నరుక్కుంటూ పోయే హారర్) దీన్నుంచి చాలానే ఎత్తుకున్నాయి. 'ఫ్రైడే ద థర్టీన్త్' రెండో భాగంలో మంచం మీద జంటని ఒకే ఈటెతో గుచ్చే సీన్ ఇక్కడిదే.

చివరి రోజులు బాధాకరం. 'లీసా అండ్ ద డెవిల్'ని నిర్మాత భూతవైద్యం సీన్లు అతికించి పాడు చేశాడు. 'రేబిడ్ డాగ్స్' నిర్మాత దివాలా తీయడంతో రీళ్లు ఇరుక్కుపోయాయి. బావా 1980లో పోయాడు, ఆ సినిమా 1990ల్లో గానీ బయటికి రాలేదు. దాదాపు అంతా ఒక కారులోనే. ఎండ, చెమట, తుపాకులు, జబ్బుపడ్డ పిల్లాడు. దెయ్యాలూ రంగు లైట్లూ ఏమీ లేకుండా అంత టెన్షన్!

కొత్తవాళ్లు 'కిల్, బేబీ... కిల్!'తో మొదలుపెట్టండి. 'రేబిడ్ డాగ్స్' చూసేముందు మాత్రం కామెంట్లు చదవకండి, క్లైమాక్స్ ఎవరో ఒకరు చెప్పేస్తారు.