చేయి కలిపే కళ

అందరికీ నమస్కారం.

సమాజం కోసం కళ అనగానే గోడమీది నినాదమో, ఉపన్యాసంలా సాగే నాటకమో గుర్తొస్తుంది. వాటిని తక్కువ చేయను. కానీ జనానికి చెప్పాలని ఆరాటపడే కళాకారులకు కొదవలేదు. జనం చెప్పేది వినే ఓపిక ఉన్నవాళ్లే అరుదు.

అమెరికా కళాకారిణి మియర్లీ లాడర్‌మన్ యుకలీస్ అలాంటి అరుదైన మనిషి. తల్లయిన కొత్తలో, 1969లో, ఆవిడ ఒక ప్రకటన రాశారు: ఊడవడం, ఉతకడం, తుడవడం లాంటి ఎవరి లెక్కలోకీ రాని పనులే ఇకపై తన కళ అని. 1977లో న్యూయార్క్ పారిశుధ్య శాఖకు ఆస్థాన కళాకారిణి అయ్యారు. ఆస్థానమంటే ఇక్కడ చెత్త లారీల గ్యారేజీలే! 1979-80లో నగరమంతా తిరిగి, దాదాపు 8,500 మంది కార్మికుల్లో ఒక్కొక్కరితో చేయి కలిపి, నగరాన్ని బతికిస్తున్నందుకు కృతజ్ఞతలు చెప్పారు.

ఇందులో కళేముందని అడగొచ్చు. చేయి కలపడం ఒక్కటే అయితే ఎన్నికల ముందు ఏ నాయకుడైనా చేస్తాడు. ఆవిడ వాళ్ల వెంట నడిచారు, బరువులెత్తే వాళ్ల ఒడుపును తన ఒంటితో అనుకరించారు, వాళ్లు పడ్డ తిట్లేమిటో అడిగి తెలుసుకున్నారు. 1984లో ఆ తిట్లను గాజు మీద రాయించి, వేర్వేరు వర్గాల మనుషులను పిలిచి కడిగించారు. మురికి ఎవరిదో వేరే చెప్పనక్కర్లేకపోయింది.

బ్రెజిల్‌లో నాటక దర్శకుడు అగస్తో బోవాల్ ఇంకో అడుగు వేశారు. ఆయన నాటకంలో ప్రేక్షకుడే లేచి వేదికెక్కి కథ మార్చొచ్చు. 1993 నుంచి 1996 దాకా రియో నగర సభలో సభ్యుడిగా ఉంటూ, ఆ ప్రదర్శనల్లో జనం చెప్పిన పరిష్కారాలను చట్టాల ముసాయిదాలుగా మార్చారు. అలా 13 చట్టాలు వచ్చాయి.

దీనికి భిన్నమైన ఉదాహరణా ఉంది. 1981లో న్యూయార్క్‌లో ఒక ప్రభుత్వ భవనం ముందు శిల్పి రిచర్డ్ సెర్రా 120 అడుగుల పొడవైన ఉక్కు గోడ నిలబెట్టారు. తమ దారికి అడ్డమని అక్కడి ఉద్యోగులు చాలామంది మండిపడ్డారు. విచారణ జరిగింది, 1989లో తీసేశారు. ఆ శిల్పం నాకు నచ్చుతుంది, కానీ రోజూ దాన్ని చుట్టి వెళ్లాల్సింది నేను కాదు.

ఒక్క మాట మిగిలింది. యుకలీస్‌ది జీతం లేని కొలువు. దాన్ని త్యాగమని పొగడటం నాకిష్టం లేదు. నగర బడ్జెట్లు రాసేవాళ్లు ఈ సభలో ఉంటే, కళాకారుడి పేరు ఆహ్వాన పత్రికలోనే కాక జీతాల పట్టీలోనూ రాయండి.